రెండు నెలల్లో 15 కిలోలు తగ్గిన చెల్లెకు పిత్తాశయంలో రాళ్లు. డైట్ వల్లేనా?

సాగర్_రోడ్డు
మాది నల్లగొండ. మా చెల్లెకు 24 ఏళ్లు, వచ్చే నెల పెళ్లి. నిశ్చితార్థం అయిన మర్నాటి నుంచే సన్నబడాలని పట్టుబట్టింది. మా కాలనీలో ఒకావిడ బరువు తగ్గించే వాట్సాప్ గ్రూపు నడుపుతుంది, అందరూ ఆమెను కోచ్ అంటారు. ఆమె చెప్పినట్టు పొద్దున ఒక షేక్, మధ్యాహ్నం ఒక షేక్, రాత్రికి కీరా ముక్కలు, పలుచటి మజ్జిగ. రోజుకు ఐదు లీటర్ల నీళ్లు. ఉప్పు వద్దు, నూనె చుక్క వద్దు. 73 కిలోలు ఉన్న పిల్ల రెండు నెలల్లో 58కి వచ్చింది. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. గ్రూపులో ఫొటో పెట్టి అందరూ మెచ్చుకున్నారు.

పోయిన ఆదివారం చుట్టాలింట్లో దావత్‌కు వెళ్లి బిర్యానీ తిన్నది. అర్ధరాత్రి కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలై వీపులోకి, కుడి భుజం దాకా పాకింది. వాంతులు. దగ్గరలోని ఆర్‌ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కించాడు. తెల్లారి స్కానింగ్ తీయిస్తే పిత్తాశయంలో చిన్న చిన్న రాళ్లు, బురద లాంటి పదార్థం ఉన్నాయని రాశారు. ఇది కాక లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, పిక్కలు పట్టేస్తున్నాయి, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వస్తోంది, రెండు నెలలుగా నెలసరి లేదు. కోచ్‌ను అడిగితే 'ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి, ఇప్పుడు ఆపితే రెట్టింపు లావవుతావు' అన్నది.

ఇంట్లో రోజూ గొడవే. అమ్మేమో ఇవాళ్టి నుంచి కడుపు నిండా తిను అంటుంది. చెల్లె ఇంకో నాలుగు కిలోలు తగ్గాక ఆపుతా అంటుంది. నాకు రెండు విషయాలు కావాలి. రాళ్లు డైట్ వల్లే వచ్చాయా? ఆపితే తిండి ఎట్లా మొదలుపెట్టాలి?

జొన్నరొట్టె_భక్తుడు
రాళ్లు నూనెలు, మసాలాలు తినేవాళ్లకు వస్తాయి తమ్ముడూ. ఇన్నేళ్లు తిన్నదాని ఫలితం ఇప్పుడు బయటపడింది, డైట్‌ను అనడం ఎందుకు? 15 కిలోలు తగ్గడం మాటలు కాదు, మెచ్చుకోవాలి.

స్టాఫ్‌నర్స్_పాలమూరు
సాగర్_రోడ్డు, ముందు ఇవి చెప్పు. జ్వరం ఉందా? కళ్లు పచ్చబడ్డాయా? మూత్రం ముదురు రంగులో వస్తోందా? నొప్పి ఆగకుండా ఉందా, వచ్చి పోతోందా? మొదటి మూడింటిలో ఏ ఒక్కటున్నా ఇక్కడ జవాబుల కోసం చూడొద్దు, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకుపో. రాయి జారి నాళంలో ఇరుక్కుంటే కామెర్లు వస్తాయి, క్లోమం వాస్తుంది. అది ఇంట్లో చూసుకునే జబ్బు కాదు.

సాగర్_రోడ్డు
జ్వరం లేదక్కా. కళ్లు మామూలుగానే ఉన్నాయి. నొప్పి నాలుగు గంటలుండి పోయింది, మళ్లీ రాలేదు. నీరసం మాత్రం చాలా ఉంది.

వనపర్తి_ఫిజీషియన్
ముందు రాళ్ల సంగతి. ఈ కేసులో డైట్ వల్లే అయ్యుండే అవకాశం ఎక్కువ. జొన్నరొట్టె_భక్తుడు గారూ, నూనె ఎక్కువైతేనే రాళ్లు అన్నది సగం మాట.

బరువు వేగంగా తగ్గేటప్పుడు కొవ్వు కరుగుతుంది, కాలేయం ఎక్కువ కొలెస్ట్రాల్‌ను పైత్యరసంలోకి వదులుతుంది. ఇంకోవైపు పిత్తాశయం ముడుచుకుని ఆ రసాన్ని పేగులోకి పంపాలంటే తిండిలో కొద్దిగానైనా కొవ్వుండాలి. నూనె చుక్క కూడా లేకపోతే పిత్తాశయానికి ముడుచుకునే పనే ఉండదు. రసం అక్కడే నిలవుండి చిక్కబడుతుంది, ముందు బురద, తర్వాత రాళ్లు. వారానికి కిలోన్నర కంటే వేగంగా తగ్గేవాళ్లలో, రోజుకు 800 కేలరీల లోపు తినేవాళ్లలో ఈ ప్రమాదం పెరుగుతుందని వైద్యంలో ఎప్పటినుంచో తెలుసు. ఈ అమ్మాయి వారానికి దాదాపు రెండు కిలోలు తగ్గింది. తర్వాత ఒక్కసారిగా బిర్యానీ పడేసరికి పిత్తాశయం గట్టిగా ముడుచుకుంది, రాయి దారికి అడ్డుపడింది, నొప్పి వచ్చింది. బిర్యానీ నొప్పిని బయటపెట్టింది, రాళ్లు అంతకుముందే తయారై ఉన్నాయి.

నాకు రాళ్ల కంటే మిగతా లక్షణాలే ఎక్కువ టెన్షన్ పెడుతున్నాయి. కళ్లు బైర్లు కమ్మడం, పిక్కలు పట్టేయడం, దానికి తోడు వాంతులు. ఒంట్లో లవణాలు తగ్గి ఉండొచ్చు. రక్తంలో సోడియం, పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్, క్రియాటినిన్, షుగర్, ఒక ఈసీజీ. ఇవాళే చేయించండి.

కల్వకుర్తి_టీచర్
కొన్నేళ్ల కింద కొబ్బరినూనె తాగే డైట్ ఊరూరా పాకింది గుర్తుందా? మా స్టాఫ్‌రూమ్‌లో సగం మంది చేశారు. మా లెక్కల సారు బాగా తగ్గారు కానీ మూడో వారంలో కాలి బొటనవేలు ఎర్రగా వాచి బూటు పట్టలేదు. ఫ్యాను గాలి తగిలినా నొప్పే అనేవారు. యూరిక్ యాసిడ్ పెరిగిందన్నారు. డాక్టర్ సార్, అది కూడా డైట్ వల్లేనా?

వనపర్తి_ఫిజీషియన్
అవును. ఉపవాసంలో, పిండి పదార్థాలు బాగా తగ్గించిన డైట్‌లో ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు అనే ఆమ్లాలు తయారవుతాయి. అవి మూత్రపిండాల దగ్గర యూరిక్ యాసిడ్‌కు పోటీ వచ్చి దాన్ని బయటికి పోనివ్వవు. గౌట్, అంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లనొప్పి, ఉన్నవాళ్లకు నొప్పి తిరగబెడుతుంది, లేనివాళ్లలో కొందరికి కొత్తగా మొదలవుతుంది.

రిటైర్డ్_సెక్రటరీ_నకిరేకల్
మా అవ్వ ఏకాదశులన్నీ ఉండేది. శివరాత్రికి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. తొంభై దాటి బతికింది. ఉపాసం ఉంటే ఏమీ కాదు, మీరంతా భయపెడుతున్నారు.

మూసీ_ఒడ్డు
తాతా, మీ అవ్వ ఒక రోజు ఉపాసముండి మర్నాడు తినేది కదా. రంజాన్ రోజాలు ఉండేవాళ్లు కూడా పొద్దు గుంకగానే తింటారు. ఇక్కడ రెండు నెలలు వరుసగా అరకడుపు.

రిటైర్డ్_సెక్రటరీ_నకిరేకల్
అది నిజమే బిడ్డా. ద్వాదశి నాడు మా అవ్వ అందరికంటే ముందు పీట వేసుకుని కూర్చునేది.

జడ్చర్ల_మెడికల్_షాపు
ఒక విషయం ఎవరూ అనలేదు, అది చెప్పాలి. పెళ్లికూతురు వయసులో చిన్నది, మందులేవీ వాడదు. కానీ ఇలాంటి గ్రూపుల్లో సగం మంది షుగర్, బీపీ ఉన్న నలభై యాభై ఏళ్లవాళ్లు. తిండి మానేసి గోళీలు మాత్రం పాత లెక్కలోనే వేసుకుంటారు, నా కౌంటర్ దగ్గర రోజూ చూస్తాను.

గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ గోళీ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, ఆ తర్వాత స్పృహ తప్పడం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఇంకా ప్రమాదం. బీపీ గోళీలు, అందులోనూ మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి, ఉప్పు మానేసినవాళ్లను పడగొడతాయి. ఇంకోటి, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ గోళీలు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. అవి వేసుకుంటూ అన్నం, రొట్టె పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లం పెరిగే కీటోఎసిడోసిస్ రావచ్చు. అందులో మోసమేమిటంటే మిషన్‌లో షుగర్ 250 లోపే చూపిస్తుంది, కొందరికి మామూలుగానే ఉంటుంది. 'షుగర్ బాగుంది కదా' అని ఇంట్లో కూర్చుంటారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే షుగర్ ఎంతున్నా సరే ఆసుపత్రికి పోవాలి, ఏ గోళీ వాడుతున్నామో అక్కడ చెప్పాలి.

మా షాపుకు వచ్చే ఒక పెద్దాయనకు అట్లాగే అయింది. షుగర్ 180 ఉందని ఇద్దరు పట్టించుకోలేదు. మూడో చోట కీటోన్లు చూసి ఐసీయూలో పెట్టారు, బతికాడు.

స్టాఫ్‌నర్స్_పాలమూరు
జడ్చర్ల అన్న రాసింది ప్రతి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాల్సిన విషయం.

బెంగళూరులో_పాలమూరోడు
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. తక్కువ కేలరీల డైట్ అంటేనే విషం అన్నట్టు చెప్పొద్దు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 కేలరీల షేక్‌లు, సూప్‌లే ఇచ్చారు. ఏడాది తర్వాత 46 శాతం మందికి మందులు లేకుండా షుగర్ అదుపులో ఉంది. బరువు తగ్గాల్సినవాళ్లు మన దగ్గర లక్షల్లో ఉన్నారు. వాళ్లను భయపెట్టి వెనక్కి పంపితే ఆ షుగరే వాళ్లను చంపుతుంది.

వనపర్తి_ఫిజీషియన్
మీరు చెప్పింది సరైనదే, అది మంచి అధ్యయనం. అందులో ఇంకేం చేశారో కూడా చెప్పండి మరి. మొదటి రోజే షుగర్, బీపీ మందులు ఆపించారు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో లెక్క రాసుకున్నారు. ఆ షేక్‌లలో విటమిన్లు, ఖనిజాలు రోజుకు సరిపడా ఉన్నాయి. శిక్షణ ఉన్న నర్సులు, డైటీషియన్లు తరచూ చూశారు. చివర్లో మామూలు తిండిని కొన్ని వారాల మీద మెల్లగా తిరిగి తెచ్చారు. ఇక్కడ అవేవీ లేవు. వాట్సాప్ గ్రూపులో ఫొటోకు చప్పట్లు మాత్రం ఉన్నాయి.

బెంగళూరులో_పాలమూరోడు
ఒప్పుకుంటున్నా సార్. నా బాధ కూడా అదే, పద్ధతిగా చేసేది వదిలేసి పేరు మాత్రం పట్టుకుంటున్నారు.

కల్వకుర్తి_టీచర్
పాత ఉదాహరణ ఒకటుంది. 1970ల చివర్లో అమెరికాలో ద్రవ రూపంలో ప్రొటీన్ తాగి బరువు తగ్గే డైట్ ఒకటి ఊపేసింది. పశువుల తోలు, ఎముకల నుంచి తీసిన కొల్లాజెన్ అందులో ముఖ్యం. గుండె లయ తప్పి పదుల సంఖ్యలో చనిపోయారు. వాళ్లలో ముందే గుండెజబ్బు ఉన్నవాళ్లు కాకుండా ఆరోగ్యంగా కనిపించిన ఆడవాళ్లే ఎక్కువ. 'ప్రొటీన్ షేకే కదా' అనేవాళ్లకు ఇది చెప్పండి.

మర్రిగూడ_వాసి
ఐదు లీటర్ల నీళ్లు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. అది బోరు నీళ్లా, మిషన్ భగీరథ నల్లా నీళ్లా? మన జిల్లాలో ఇది అడగకుండా ఎవరూ డైట్ చెప్పొద్దు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మా దిక్కు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది, దానివల్ల ఎముకలు వంగిపోయిన వాళ్లను చూస్తూ పెరిగాం. మనిషి తాగే ఫ్లోరైడ్ నీళ్లతో పాటే పెరుగుతుంది. రెండు లీటర్లు తాగేవాడు ఐదు తాగితే రెండున్నర రెట్లు లోపలికి పోతుంది. దానికి తోడు పాలు, పెరుగు మానేస్తే కాల్షియం ఉండదు. కాల్షియం ఉంటే పేగులోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టి ఆపుతుంది.

సాగర్_రోడ్డు
తాగడానికి భగీరథ నీళ్లే అన్నా. నల్లా రాని రోజు మాత్రం బోరు.

వనపర్తి_ఫిజీషియన్
మర్రిగూడ అన్న చెప్పింది ఏళ్ల తరబడి తాగేవాళ్లకు వర్తిస్తుంది. రెండు నెలలకు ఎముకలు దెబ్బతినవు, అమ్మాయి విషయంలో ఆ భయం వద్దు. కానీ ఐదు లీటర్ల నీళ్లకు ఇంకో ప్రమాదముంది. ఉప్పు తినకుండా అంత నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలుచబడుతుంది. తలనొప్పి, వికారం, తికమక, ముదిరితే ఫిట్స్. దాహం వేసినప్పుడు తాగండి చాలు, లెక్కపెట్టి తాగొద్దు.

చేనేత_గద్వాల
నెలసరి ఆగిపోవడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మగవాళ్లు ఎక్కువ ఉన్నారని కాబోలు. తమ్ముడూ, అది చిన్న విషయం కాదు. తిండి అందట్లేదని మెదడుకు తెలిసి అండాశయాలను నడిపే హార్మోన్లను ఆపేస్తుంది. అట్లా ఎక్కువ కాలం ఉంటే ఎముకలు పలుచబడతాయని మా అమ్మాయిని చూసిన డాక్టరమ్మ చెప్పింది. పెళ్లయ్యాక 'ఇంకా విశేషం లేదా' అని అడిగేది కూడా ఈ చుట్టాలే. ఇవాళ సన్నబడ్డావని మెచ్చుకున్న నోళ్లే.

జుట్టు గురించి మాత్రం భయపడొద్దని చెప్పు. మా అమ్మాయికి కూడా డైట్ మొదలైన మూడో నెలలో కుచ్చులుగా ఊడింది. దిండు మీద, బాత్రూం జాలీలో, చీపురుకు అంతా వెంట్రుకలే. సరిగ్గా తినడం మొదలుపెట్టాక ఆరు నెలల్లో నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు వచ్చాయి. వందల రూపాయల నూనెలు కొనొద్దు, గుడ్డు పెట్టండి, రక్తంలో ఐరన్ పరీక్ష చేయించండి.

సాగర్_రోడ్డు
ఇక్కడ ఒక సమస్య వచ్చింది. నేను పోస్టు పెట్టి బయటికి పోయి వచ్చేలోపు అమ్మ పట్టుబట్టి మధ్యాహ్నం పాయసం, అన్నం, మటన్ కూర తినిపించింది. ఇప్పుడు చెల్లె గుండె దడగా ఉందంటోంది, కాళ్లు కొంచెం పొంగినట్టున్నాయి.

వనపర్తి_ఫిజీషియన్
ఇప్పుడే తీసుకెళ్లండి. పొద్దుటిదాకా ఆగొద్దు. రెండు నెలల డైట్, వాంతులు, గుండె దడ, కాళ్ల వాపు, ఈ నాలుగూ డ్యూటీ డాక్టరుకు అదే వరుసలో చెప్పండి. పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం, ఈసీజీ అడగండి.

స్టాఫ్‌నర్స్_పాలమూరు
దారిలో ఎక్కడా గ్లూకోజు బాటిల్ పెట్టించొద్దు. ఇది గట్టిగా చెబుతున్నా. బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యి.

పెద్దవూర_రైతు
గ్లూకోజు ఎందుకు వద్దక్కా? నీరసమంటే మా ఊళ్లో అందరూ మొదట పెట్టించుకునేది అదే కదా.

స్టాఫ్‌నర్స్_పాలమూరు
అందుకే రాస్తున్నా. చాలా రోజులు సరిగ్గా తిననివాళ్లలో, వాంతులైనవాళ్లలో బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటుతుంది. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. గ్లూకోజును వాడుకోవాలంటే బి1 కావాలి. బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది.

మా వార్డులో ఒక ఆమెను చూశాను. డైట్, ఆపైన వాంతులు, ఊళ్లో వరుసగా గ్లూకోజు బాటిళ్లు. వచ్చేసరికి ఒక్క మనిషి ఇద్దరిలా కనిపిస్తున్నారంది. గోడ పట్టుకుని కాళ్లు ఎడంగా వేసి నడుస్తోంది. తన కొడుకు పేరు అడిగితే తడుముకుంది. భర్త తాగొచ్చిందేమో అనుకున్నాడట. మామూలుగా తాగేవాళ్లకు ఎక్కువగా వచ్చే జబ్బే ఇది. బి1 ఇంజెక్షన్లు మొదలుపెట్టాక చూపు త్వరగానే సర్దుకుంది. నడక, జ్ఞాపకం మాత్రం పూర్తిగా రాలేదు. ఆ ఇంజెక్షన్ ఖరీదైనది కాదు. ముందే ఇచ్చుంటే ఆమె ఇవాళ తన పొలం పని తాను చేసుకునేది.

పెద్దవూర_రైతు
మరి తింటే కాళ్లు ఎందుకు పొంగుతాయి, గుండె ఎందుకు కొట్టుకుంటుంది? ఆకలితో ఉన్నోళ్లకు తిండి పెడితే తప్పా?

వనపర్తి_ఫిజీషియన్
తప్పు కాదు, ఒక్కసారిగా పెట్టడమే ప్రమాదం. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, ఖైదు నుంచి బయటపడిన బక్కచిక్కిన వాళ్లకు కడుపునిండా పెడితే కొందరు ఉన్నట్టుండి చనిపోయారు. అప్పటినుంచి దీన్ని గమనిస్తున్నారు.

రోజులకొద్దీ తినకపోతే ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు లోపల్లోపలే తరిగిపోతాయి. రక్తపరీక్షలో మాత్రం కొన్నాళ్లు మామూలుగానే కనిపించవచ్చు. ఒక్కసారిగా తీపి, అన్నం పడితే ఇన్సులిన్ పైకి లేస్తుంది, మిగిలిన లవణాలను రక్తంలోంచి కణాల్లోకి లాగేస్తుంది. రక్తంలో అవి దిగిపోతే గుండె లయ తప్పుతుంది, కండరాలు పట్టు కోల్పోతాయి, ఊపిరి తీయడం కష్టమవుతుంది. ఇన్సులిన్ వల్ల ఉప్పు, నీరు నిలవుండి కాళ్లు పొంగుతాయి. మొదటి నాలుగైదు రోజులే ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఈ అమ్మాయి షేక్‌లు తాగుతూనే ఉంది కాబట్టి పూర్తిగా పస్తున్నవాళ్లంత ప్రమాదం ఉండకపోవచ్చు. కానీ ఒంటి బరువులో ఐదో వంతు రెండు నెలల్లో పోయింది, పైగా వాంతులు. అందుకే పరీక్షలు చూడాలి అన్నది.

పెద్దవూర_రైతు
అర్థమైంది సార్. బీటలు వారిన కట్ట మీదికి ఒక్కసారి కాలువ నీళ్లు వదిలితే కట్టే తెగుతుంది, గట్లన్నమాట.

వనపర్తి_ఫిజీషియన్
సరిగ్గా చెప్పారు.

హాస్టల్_వార్డెన్_అక్క
వాళ్లు ఆసుపత్రికి పోయిన ఈ టైములో నా మాట కూడా రాస్తాను. ఇంటర్ ఆడపిల్లల హాస్టల్ నాది. సన్నబడాలన్న పట్టుదల కొందరిలో జబ్బుగా మారడం కళ్లారా చూశాను. అన్నం కంచంలో కెలికి పక్క పిల్లకు వేస్తారు. తిన్న వెంటనే బాత్రూంకు పోయి నల్లా పూర్తిగా తిప్పుతారు, వాంతి చప్పుడు వినపడొద్దని. వేలి కణుపుల మీద పంటి గాట్లు ఉంటాయి. ఎండాకాలంలో కూడా స్వెట్టర్ వేసుకుంటారు, ఎందుకంటే నిజంగానే చలి వేస్తుంది. ఇలాంటి పిల్లను తిట్టినా, ముద్దలు నోట్లో కుక్కినా లాభం లేదు. సైకియాట్రిస్టుకు చూపించాలి. టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

'ఇంకో నాలుగు కిలోలు' అన్న మాట నాకు అందుకే నచ్చలేదు. ఆ ఎత్తుకు 58 కిలోలు అంటే బీఎంఐ, అదే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 23 లోపే. మనవాళ్లకు ఆరోగ్యకరమని చెప్పే కొలత అదే. ఇంకా తగ్గాలనిపిస్తోందంటే ఎవరో ఆ పిల్ల మనసులో ఏదో వేశారు. ఎవరో కనుక్కో తమ్ముడూ.

కల్వకుర్తి_టీచర్
అక్క చెప్పినదానికి ఒక ఆధారం. 1944, 45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు సగం తిండి పెట్టి గమనించారు. రోజుకు దాదాపు 1,600 కేలరీలు. మన పిల్ల తాగిన షేక్‌ల కంటే అదే ఎక్కువ. వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది, వంట పుస్తకాలు చదువుతూ కూర్చునేవారు. చిరాకు, దిగులు, చలి, జుట్టు ఊడటం. మనసు చెడి తిండి మానేస్తారనే అనుకుంటాం, తిండి మానేసినా మనసు చెడుతుంది.

మిరపతోట
ఇన్ని కష్టాలెందుకు, ఇప్పుడు వారానికి ఒక ఇంజెక్షన్ వచ్చిందట కదా. మా బావ వాళ్ల ఆఫీసులో చాలామంది వేసుకుంటున్నారు.

జడ్చర్ల_మెడికల్_షాపు
అలాంటి ఇంజెక్షన్లలో ఒకటైన టిర్జెపటైడ్ మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మం, అమ్మకూడదు కూడా. దాంతో తగ్గినా వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ల సమస్య ఉండనే ఉంది. 58 కిలోలున్న పెళ్లికూతురికి ఆ మాటే వద్దు.

జొన్నరొట్టె_భక్తుడు
నేను మొదట రాసింది చదివి ఎవరైనా డైట్ కొనసాగిస్తే నాకు బాధ. అయినా ఒక ప్రశ్న. మరి బరువు తగ్గాల్సినవాళ్లు ఏం చేయాలి? జొన్నరొట్టె తింటే చాలదా?

వనపర్తి_ఫిజీషియన్
తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. వారానికి అర కిలో తగ్గడం క్షేమం, రోజుకు 1,000 కేలరీల కంటే కిందికి పోకూడదు. మొదటి వారంలో మూడు నాలుగు కిలోలు తగ్గితే మురిసిపోవద్దు. అందులో చాలా భాగం నీళ్లు. కాలేయంలో, కండరాల్లో దాచిన ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో మూడు గ్రాముల దాకా నీరు ఉంటుంది, రెండూ కలిసి పోతాయి. ఆ తర్వాత వేగంగా తగ్గేదాంట్లో కండ కూడా ఉంటుంది.

జొన్నరొట్టె మంచిదే. కానీ ఐదు రొట్టెలు తింటే ఐదింటి కేలరీలూ లెక్కలోకి వస్తాయి. రెండు రొట్టెలు, గట్టి పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు. పల్లీల పచ్చడి వద్దనను, గిన్నెడు వేసుకోవద్దంటాను.

మూసీ_ఒడ్డు
పల్లీల పచ్చడి గిన్నెడు లేకుండా జొన్నరొట్టె తినమంటే పాలమూరులో ధర్నాలు అవుతాయి సార్.

సాగర్_రోడ్డు
ఆ రాత్రే తీసుకుపోయాం. పొటాషియం 2.9 వచ్చింది, ఉండాల్సింది కనీసం 3.5 అట. ఫాస్ఫరస్ కూడా తక్కువే. ఈసీజీలో తేడా ఉందని మానిటర్ పెట్టారు. బి1 ఇంజెక్షన్ ముందు ఇచ్చి, తర్వాత పొటాషియం సెలైన్‌లో కలిపి చాలా మెల్లగా ఎక్కించారు. రక్తపరీక్ష పదే పదే చేశారు. మూడో రోజుకు దడ తగ్గింది. తిండి కొద్దికొద్దిగా ఆరుసార్లు పెడుతున్నారు. ఇడ్లీ, పల్చటి పప్పు, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు. డాక్టర్ సార్ చెప్పిన నాలుగు మాటలు అదే వరుసలో చెప్పాను, డ్యూటీ డాక్టర్ ఇంకేమీ అడగకుండా పరీక్షలు రాశాడు.

హాస్టల్ అక్క అడిగింది కూడా కనుక్కున్నాను. నిశ్చితార్థం రోజు పెళ్లికొడుకు తరఫు పెద్దామె ఎవరో 'ఫొటోల్లో పిల్ల నిండుగా కనిపిస్తుంది' అన్నదట. చెల్లె అది ఎవరికీ చెప్పలేదు. కాబోయే బావకు ఫోన్ చేసి చెబితే ఆయన అప్పటికప్పుడు బస్సెక్కి ఆసుపత్రికి వచ్చాడు.

చేనేత_గద్వాల
అబ్బాయి మంచివాడు. పిల్లతో చెప్పు, గద్వాల చీర ఏ కొలతకైనా నిండుగా ఉంటుంది. జాకెట్టు కుట్టు విప్పడానికి లోపల గుడ్డ వదిలారా? వదిలితే టైలర్ రెండు గంటల్లో సరిచేస్తాడు.

సాగర్_రోడ్డు
వదిలారక్కా, అమ్మ అప్పుడే ఇచ్చి వచ్చింది. రాళ్ల ఆపరేషన్ గురించి సర్జన్ ఏమన్నారంటే, లవణాలు సర్దుకుని ఒంట్లో బలం వచ్చాక లాప్రోస్కోపీ చేద్దాం, అప్పటిదాకా నూనె వేపుళ్లు, మటన్ వద్దు అన్నారు. ముందు చేయించాలా, పెళ్లయ్యాకనా అని ఆలోచిస్తున్నాం. కరిగించే గోళీలు పనిచేయవా?

వనపర్తి_ఫిజీషియన్
అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ అనే మందుంది. చిన్న కొలెస్ట్రాల్ రాళ్లను కొందరిలో కరిగిస్తుంది కానీ నెలలు పడుతుంది, ఆపాక మళ్లీ రావచ్చు. నొప్పి ఒకసారి వచ్చిందంటే సాధారణంగా ఆపరేషనే సూచిస్తారు. తేదీ సంగతి మీ సర్జన్‌తోనే తేల్చుకోండి, ఆయన రిపోర్టులు చూశారు. నూనె మానమన్నారని మళ్లీ చుక్క లేకుండా చేయొద్దు, పూటకు ఒకటి రెండు చెంచాలు కూరలో ఉండనివ్వండి. డిశ్చార్జి అయిన వారం లోపల పొటాషియం, ఫాస్ఫరస్ మళ్లీ చూపించండి. ప్రభుత్వ ల్యాబులైన టీ-డయాగ్నొస్టిక్స్‌లో ఏ పరీక్షలు ఉచితమో ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి.

స్టాఫ్‌నర్స్_పాలమూరు
పెళ్లి రోజు ఉపాసం పెట్టొద్దు. గౌరీపూజకు ముందు పాలు, అరటిపండైనా తిననివ్వాలని అయ్యగారితో ముందే మాట్లాడండి, అందరూ ఒప్పుకుంటారు. పెళ్లి ఆపరేషన్ కంటే ముందే అయితే రిపోర్టుల కాపీలు అత్తగారింట్లో కూడా ఉండాలి. అర్ధరాత్రి నొప్పి వస్తే అక్కడివాళ్లు మళ్లీ గ్యాస్ అనుకోకూడదు.

సాగర్_రోడ్డు
అత్తగారిది కోదాడ అక్కా. స్కానింగ్, రక్తపరీక్షలు, ఈసీజీ అన్నీ ఫొటోలు తీసి బావకు పంపించాను. ఉపాసం సంగతి అయ్యగారితో నాన్న రేపు మాట్లాడతాడు.